రెండో తరం, ఏడో మొక్క

తోటపని కోర్సులు చేసి గల్ఫ్ వెళ్ళబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఉప్పునేలలో లాన్ ఎలా నిలబెట్టాలి, ఖర్జూరం పిలకలు ఎప్పుడు విడదీయాలి, ఇలాంటివి అడుగుతారు. తెలిసింది చెప్తాను. టీ తాగి లేచేటప్పుడు ఎవడో ఒకడు, "సార్, ఇరవై రెండేళ్ళు సౌదీలో చేశారు కదా, మర్చిపోలేని అనుభవం ఒకటి చెప్పండి" అంటాడు. ఇసుక తుఫానులో నర్సరీ కప్పు ఎగిరిపోయిన కథ చెప్పి పంపేస్తాను. ఆ కథ నిజమే గాని, అది మర్చిపోలేనిదేమీ కాదు. మర్చిపోలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను మంచివాణ్ణి కాను. చివరికొచ్చేసరికి అవుతానేమో అని ఎదురుచూడకండి, అవను.

రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీ నర్సరీకి నేను సూపర్వైజర్ని. ఉద్యోగుల కాలనీలకీ, రోడ్ల మధ్య గుండ్రాలకీ మొక్కలు మా దగ్గర్నుంచే వెళ్ళేవి. కాగితంపూలు, బిళ్ళగన్నేరు, వేప, ఖర్జూరం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రిఫైనరీ. గాలి ఎటు తిరిగితే అటు వాసన, ఉప్పుదైనా గంధకందైనా. అన్నేళ్ళు మొక్కలు పెంచాను గాని, వాసన ఉన్న మొక్క ఒక్కటి పెంచమని నన్నెవరూ అడగలేదు. కంపెనీకి రంగు కావాలి, నీళ్ళు తక్కువ తాగాలి, ఎండకి చావకూడదు. వాసనకి టెండరు కాగితంలో గడి లేదు.

అలాంటి చోటికి ఒక శుక్రవారం పొద్దున్నే ఒకతను వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి, రిఫైనరీ ల్యాబులో కెమిస్టు. భార్యా, ఏడాది పాపా ఊళ్ళో ఉన్నారు, ఫ్యామిలీ వీసాకి కాగితాలు పెట్టుకున్నాడు. పచ్చట్లోకి పుదీనా కోసం వచ్చానన్నాడు గాని, గంటసేపు వరసల మధ్య తిరిగి కనిపించిన ప్రతి ఆకూ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చివరికి నా సొంతానికి ఓ మూల వేసుకున్న కుండీ దగ్గర ఆగిపోయాడు.

"సార్, గీ ఆకు పేరేంది?"

"సబ్జా. ఇక్కడివాళ్ళు రేహాన్ అంటారు."

"జర నలిపి చూడున్రి. ముందుగాల లవంగం, ఎనుకనుంచి నిమ్మ. రెండు వేర్వేరుగ వస్తున్నయ్."

నలిపాను. నిజమే. మూడేళ్ళుగా నీళ్ళు పోస్తున్నవాణ్ణి, ఆ సంగతి అతను చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రోజునుంచి మా స్నేహం మొదలైంది. ప్రతి శుక్రవారం వచ్చేవాడు. వాసన ఎందుకు వస్తుందో, ఆకులో ఏ పదార్థం ఉంటే ఏ పండు గుర్తొస్తుందో చిన్నపిల్లాడిలా చెప్పేవాడు. వ్యవసాయం చదివింది నేను, ఆకు గురించి పాఠం చెప్పింది మాత్రం పెట్రోలు కెమిస్టు.

రెండు నెలలయ్యాక ఒకసారి ఫోన్ తీసి ఒక గ్రూపు చూపించాడు. వేలితో పైకి జరిపి చూశాను. ఆ ఫోటోల్లో ఉన్నది గంజాయి మొక్క. ఒకటి కాదు, వందల ఫోటోలు.

"నీకు మతి పోయిందా బాబూ? ఈ దేశంలో దాని పేరు ఎత్తితేనే మెడకి చుట్టుకుంటుంది."

"సార్, నేను బీడీ గూడ ముట్ట. నాకు వాసన కావాలె, అంతే. గీళ్ళు ముచ్చట పెట్టినట్టు వాసన గురించి దునియల ఎవ్వరు పెట్టరు. జర సదువున్రి, మీకే తెలుస్తది."

చదివాను. చదవకుండా ఉండాల్సింది. కేరళ ఇడుక్కి వైపు బడి నుంచి రిటైరైన మాస్టారొకాయన, థాయ్‌లాండ్ నుంచి ఒకావిడ, కెనడాలో లైసెన్సు తీసుకుని పెంచే ఒకాయన, ఇంకో పదిమంది. ఒక మొక్కది నిమ్మ తొక్క వాసనా, నిమ్మాకు వాసనా అని మూడు రోజులు పోట్లాడుకున్నారు. ఒకటి పండిన జామకాయ అట, ఒకటి తడిసిన గంధపు చెక్క, ఇంకొకటి మిరియాలు నమిలినట్టు. ఎవడో ఒక మొక్కకి కిరోసిన్ వాసన అని రాస్తే మావాడు పకపకా నవ్వి, "రిఫైనరీల పనిచేసేటోన్ని చెప్తున్న, గది కిరోసిన్ కాదు, డీజిల్" అని జవాబిచ్చాడు. మత్తు ఊసే లేదు. ఉన్నా తిట్టడానికే. బజారువాళ్ళు మత్తు పెంచాలనే ఆరాటంలో అన్నిటినీ అన్నిటితో కలిపేశారనీ, కొండల్లో ఒక్కో వాలుకి ఒక్కో వాసనతో ఉండే పాత రకాలన్నీ పోయాయనీ వాళ్ళ ఏడుపు. మన నాటు టమాటా పోయిందని మనం ఏడవమా, అలాగే.

ఇక్కడ నా పాత కథ కొంచెం చెప్పాలి. సౌదీ వెళ్ళకముందు, ఉద్యోగానికి కొత్తల్లో, పాడేరు పైన కొండల్లో గంజాయి తోటలు పీకించే బృందంలో తాత్కాలికంగా పనిచేశాను. వ్యవసాయం చదివినవాడొకడు వెంట ఉండి, మొక్క ఫలానాదేనని కాగితం మీద సంతకం పెట్టాలి. ఒక వాలులో మిగతావాటికి భిన్నంగా పొట్టి మొక్కలు కనిపించాయి, ఆకు సన్నం. చెయ్యి తగిలితే చాలు, పచ్చిమామిడి తొడిమ విరిచినప్పుడు కారే సొన వాసన. అలాంటిది మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాలుగు గింజలు జేబులో వేసుకోవాలని చెయ్యి వెళ్ళింది. భయమేసి తీసేశాను. సంతకం పెట్టాను, వాళ్ళు నిప్పు పెట్టారు. కాలుతున్నప్పుడు కూడా మామిడి వాసనే వచ్చింది.

ఈ సంగతి మా కెమిస్టుకి చెప్పాను. అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "సార్, గిది గ్రూపుల చెప్పాలె. మీ మాటలనే చెప్పున్రి, నేను ఇంగ్లీషుల రాస్త." అతని ఫోన్‌లో మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడి రికార్డు చేయించాను. కొండ వాలు, ఆకు, సొన, మంట, అన్నీ. కెనడా ఆయన మూడుసార్లు తిరిగి అడిగాడు, సొన వాసన ఆకులో ఎక్కువా, పూతలోనా అని. ఇడుక్కి మాస్టారు తమ కొండల్లో కూడా అలాంటిదొకటి ఉండేదని రాశాడు. ఇరవై ఏళ్ళ నౌకరీలో బిళ్ళగన్నేరు లెక్క తప్ప ఇంకేమీ అడగని లోకం, నన్ను ఒక వాసన గురించి అడిగింది. పొంగిపోయాను. నా పేరు మాత్రం చెప్పొద్దన్నాను. చెప్పలేదు. "పెద్దాయన" అని రాశాడు.

ఆ మామిడి సొన వాసనని సబ్జాలో తెప్పించాలన్న ఆలోచన అతనిదే. "పచ్చిమామిడిల ఉన్నదే సబ్జాల ఉంటది, గంజాయిల గూడ ఉంటది. మూడింట్ల ఒకటే సరుకు సార్. దాన్ని ముట్టకుంటనే దాని వాసన తెద్దాం" అన్నాడు. అంతకంటే ముచ్చటైన ఆట నాకింకేం కావాలి? నర్సరీ వెనక, కంపోస్టు గుంట పక్కన, నాలుగు గజాల మడి చేశాను. అక్కడి రేహాన్, ఫిలిప్పీన్స్ వంటవాడు పెంచుకునే ఊదారంగు కాడది, నా కుండీలోది, మూడు రకాలు. పొద్దున్నే పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే పట్టకారుతో కేసరాలు తీసి, ఇంకోదాని పుప్పొడి అద్ది, కాగితం సంచి తొడిగేవాణ్ణి. మొదటి తరంలో ఏమీ లేదు. రెండో తరంలో పన్నెండు మొక్కలు నిలబడితే, ఒక్కొక్కటీ నలుపుతూ ఏడోదాని దగ్గరికొచ్చాను. పాడేరు కొండ వచ్చి కళ్ళముందు నిలబడింది.

మా కెమిస్టు ఆ ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఫోన్ తీసి గ్రూపులో రాశాడు. "రెండో తరం పూతకొచ్చింది. పన్నెండింటిలో ఏడో మొక్కకి మామిడి సొన నిలిచింది. విత్తనం కడుతున్నాం."

పిల్లలూ, ఇక్కడ ఆగి చూడండి. ఆ మూడు వాక్యాల్లో సబ్జా అన్న మాట లేదు. మొక్కలు కలిపేవాళ్ళు ఎవరూ రాయరు. మన పరిశోధనా కేంద్రాల నోట్‌బుక్కులు తీసి చూడండి, తరం, మొక్క సంఖ్య, గుణం, అంతే ఉంటుంది. పంట పేరు అట్ట మీద ఒక్కసారి రాస్తే అయిపోయింది. గ్రూపులో అందరికీ తెలుసు అతను పెంచేది సబ్జా అని, ఎప్పుడో ఆరు నెలల కిందట ఒక్కసారి చెప్పాడు. పక్కన నిలబడి నేను కూడా చదివాను. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నాకూ తప్పుగా తోచలేదు. పైగా, "తేదీ కూడా వెయ్యి, పనికొస్తుంది" అన్నాను.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున, నర్సరీకి నీళ్ళ ట్యాంకరు తెచ్చే డ్రైవర్ భాయ్ బండి ఆపి పరుగులాంటి నడకతో వచ్చాడు. కడప వైపు మనిషి, నా ఈడువాడే. మా మడికి నీళ్ళు ఎక్కువ వదిలేది అతనే, అక్కడ పెరిగేదేమిటో అతనికి తెలుసు. సబ్జా గింజలు నానబెట్టుకుని షర్బత్‌లో తాగేవాడు కూడా.

"సార్, మీ ల్యాబు పిల్లోన్ని పొద్దున గేటు కాడ పట్టుకున్నారంట. టిఫిన్ బాక్సులో ఏందో ఎండాకు పొట్లాలు ఉండాయంట. పోలీసులొచ్చి ఫోనూ తీసుకున్నారంట."

నాకు వెంటనే అర్థమైంది. ఏడో మొక్క ఆకు ఎండబెట్టి, కాగితం పొట్లాలు కట్టి ఇచ్చింది నేనే. భోజనం వేళ ల్యాబు యంత్రంలో పెట్టి వాసన సరుకు ఎంతుందో చూస్తానన్నాడు. పొట్లాల మీద అంకెలు కూడా నావే.

"అది మన సబ్జాకే గదా సార్. మీరు పొయ్యి ఒక్క మాట చెప్తే సరిపోతాది. రండి, బండి తీస్తా."

"పదినిమిషాలు ఆగు భాయ్" అన్నాను.

అతను ట్యాంకరు ఖాళీ చేసుకునేలోపు నేను లోపల కూర్చుని లెక్క వేసుకున్నాను. పొట్లాల సంగతి సరే, ఆకు పరీక్షకి వెళ్తే సబ్జా అనే తేలుతుంది. కానీ ఆ ఫోన్‌లో నా గొంతు ఉంది. మూడు నిమిషాలు, గంజాయి తోట గురించి, ముచ్చటపడిపోతూ మాట్లాడిన గొంతు. ఫైనల్ ఎగ్జిట్‌కి నాకింకా రెండేళ్ళుంది, పని ముగించి ఊరికి వచ్చెయ్యడానికి. అక్కడ ఉండటానికిచ్చిన నా ఇఖామా కార్డు, నా సర్వీసు, నా ముసలి వయసు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అతను గుర్తు రాలేదా అంటే వచ్చాడు. కానీ చివర్న వచ్చాడు.

డ్రైవర్ భాయ్‌తో, "నువ్వెళ్ళు, నేను తర్వాత వెళ్తాను" అని చెప్పాను. అతను నా ముఖం ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

తర్వాత వెనక్కి వెళ్ళి మడి పీకాను. కూలీలని పిలవలేదు, నా చేతులతోనే పీకాను. పన్నెండు మొక్కలూ, కాగితం సంచులూ, కర్రకి కట్టిన సంఖ్యల బిళ్ళలూ. ముక్కలు చేసే యంత్రంలో వేసి కంపోస్టు గుంటలో కలిపేశాను. నేల తవ్వి, చదును చేసి, ట్రేలలో సిద్ధంగా ఉన్న బిళ్ళగన్నేరు నారు నాటి నీళ్ళు పెట్టాను. గంటన్నర పట్టింది. ఈ పని నాకు కొత్త కాదు కదా, పీకించడంలో అనుభవం ఉన్నవాణ్ణి. ఒక్కటి మాత్రం చెయ్యలేకపోయాను. ఏడో మొక్క కంకులు నలిపి, ఎండిన గింజలు చిటికెడు, ఖాళీ హోమియో మాత్రల సీసాలో పోసి జేబులో వేసుకున్నాను.  విత్తనం పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులూ మా కంపెనీ ఆఫీసు బయట ఒక కాగితం అంటించి ఉంది. రిఫైనరీలో ఫలానా ఉద్యోగి గురించి ఏదైనా తెలిసినవాళ్ళు వచ్చి చెప్పవచ్చని అరబ్బీలో, ఇంగ్లీషులో. దాని ముందునుంచే రోజూ మెస్‌కి వెళ్ళాను. డ్రైవర్ భాయ్ రెండుసార్లు అడిగాడు.

"పోయినారా సార్?"

"కనుక్కుంటున్నాను భాయ్. తొందరపడితే అతనికే ఇబ్బంది."

రెండోసారి అడిగినప్పుడు అతను నా జవాబు పూర్తిగా వినలేదు. పైపు చుట్టుకుంటూ, "సరే సార్" అన్నాడు. మూడోసారి అడగలేదు.

ఐదో రోజు పొద్దున పది గంటలకి రెండు కార్లు నర్సరీ ముందు ఆగాయి. మామూలు బట్టల్లో ఇద్దరు అధికారులు, మా కంపెనీ తరఫున ప్రభుత్వ పనులు చూసే సౌదీ ఉద్యోగి ఒకతను, వాళ్ళ వెనక మా కెమిస్టు. చేతులకి బేడీలు ముందువైపు వేసి ఉన్నాయి. అదే చొక్కా, ఆదివారంది.

పెద్ద అధికారి చాలా మర్యాదస్తుడు. నాకు సలాం చెప్పి, కుర్చీ వెయ్యబోతే వద్దని, మెల్లగా ఇంగ్లీషులో అన్నాడు. పొట్లాల్లో ఉన్నది రేహాన్ అని తేలిందట, దానితో వాళ్ళకి పేచీ లేదట. కానీ ఈ మనిషి గంజాయి గురించి మాట్లాడుకునే గుంపులో, రెండో తరం పూతకొచ్చింది, విత్తనం కడుతున్నాం అని రాశాడు. అది ఏ మొక్క, ఎక్కడుంది? అదీ రేహానే అనీ, ఈ నర్సరీలోనే ఉందనీ ఇతను అంటున్నాడు. ఉంటే చూపిస్తే సరిపోతుంది.

నేను నోరు తెరిచేలోపే మా కెమిస్టు, "ఎనుక ఉన్నది సార్, కంపోస్టు గుంట పక్కపొంటి. సార్‌కి తెలుసు" అన్నాడు, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అతని గొంతులో భయం లేదు. ఇక అయిపోయింది, ఇంటికెళ్తున్నాను అన్నట్టుంది. అందరికంటే ముందు నడిచాడు.

వెనక బిళ్ళగన్నేరు ఉంది. నాలుగు రోజుల నారు, ఇంకా వేరు పట్టలేదు, తలలు వాల్చి ఉంది. చుట్టూ నేల ఎండి తెల్లగా ఉంటే ఆ నాలుగు గజాలు మాత్రం నల్లగా, తడిగా. అధికారి వంగి మట్టి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"వైన్?" అన్నాడు, ఎక్కడ అని.

మా కెమిస్టు మడి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, తెలివైనవాడు. అధికారి నన్నడిగాడు, ఇక్కడ ఇతను పెంచిన మొక్కలేమైనా ఉండేవా అని.

"లేవు. ఈ మడి ఎప్పుడూ బిళ్ళగన్నేరుదే" అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను, ఒక్క తప్పు లేకుండా. మా కెమిస్టు నా పేరు ఎత్తలేదు, ఈయన అబద్ధం చెప్తున్నాడు అనలేదు, ఏడవలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కారెక్కేటప్పుడు బేడీల చేతులతో తలుపు పట్టుకోవడం కుదరక తడబడ్డాడు, సౌదీ ఉద్యోగే భుజం పట్టి ఎక్కించాడు.

నా మాట వల్లే శిక్ష పడిందా అంటే చెప్పలేను. ఆ గ్రూపులో ఉండటమే తప్పని కొందరన్నారు. ఎలాగూ ఉద్యోగం పోయేది, దేశం నుంచి పంపేసేవాళ్ళు అన్నారు. కావచ్చు. కానీ అతని మీద పడ్డవాటిలో బరువైనది, ఇక్కడే ఎక్కడో పండించి దాచాడన్నది. తాజాగా తవ్విన తడి నేల చూశాక ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. ఆ మొక్క కళ్ళముందుంటే ఆ మాటకి చోటే లేదు. కేసు పద్నాలుగు నెలలు నడిచింది. సబ్జా విత్తనం వేస్తే నలిపి చూపించేంత మొక్క కావడానికి ఎనిమిది వారాలు. నా పెట్టెలో, చొక్కాల కింద, సీసా ఉంది. ఎనిమిది వారాలు గడిచినప్పుడల్లా, ఇప్పుడు వేసినా పనికొస్తుంది అనుకునేవాణ్ణి. అనుకుంటూనే ఆరేడు సార్లు ఎనిమిది వారాలు గడిచిపోయాయి. శిక్ష పడిందని డ్రైవర్ భాయ్ చెప్పాడు. నాకు చెప్పలేదు, నా పక్కనున్న వంటవాడికి, నాకు వినపడేలా హిందీలో చెప్పాడు. అప్పటికి అతను నాతో టీ తాగడం మానేసి చాలా రోజులైంది.

అతన్ని పట్టుకున్న రెండేళ్ళకి నాకు ఫైనల్ ఎగ్జిట్ అయింది. కేకు కోశారు, జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద "మచ్చలేని సేవకు" అని రాసి ఉంది. అది ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది, మా ఆవిడ రోజూ తుడుస్తుంది. సీసా కూడా నాతోపాటే వచ్చింది, మందుల సంచిలో.

ఇంటికొచ్చాక మరో ఏడాదిన్నర దాన్ని ముట్టుకోలేదు. ఒక రంజాన్‌కి క్షమాభిక్ష దొరికి అతను విడుదలై వచ్చాడని విన్న రోజు తీసి కుండీల్లో చల్లాను. పాతబడ్డ విత్తనం, మొలవదనే అనుకున్నాను. మొలవకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఐదు మొలిచాయి. రెండు నెలలకి ఒకదాన్ని నలిపితే అదే పచ్చిమామిడి సొన. మా డాబా మీద, ఎవరూ అడగని చోట, సాక్ష్యం నిండుగా పూసింది.

ఆ కుండీ ఒళ్ళో పెట్టుకుని బస్సులు మారి కరీంనగర్ వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే, క్షమించమని అడగడానికి. ఉత్త చేతులతో వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. అతని మొక్క అతనికి ఇస్తే కొంచెం తేలికవుతుందనుకున్నాను. నా బరువే చూసుకున్నాను.

ఊరి చివర అద్దె ఇల్లు. తలుపు తీసింది భార్య, పక్కన పాప. పాపకి ఐదేళ్ళొచ్చాయి, వాళ్ళ నాన్నని ఇంకా కొత్తవాడిలా చూస్తోంది. అతను ఎరువుల దుకాణంలో పనిచేస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడి, "కూసోన్రి సార్" అన్నాడు. కుండీ గుమ్మం పక్కన పెట్టి కూర్చున్నాను.

ఏం మాట్లాడాలో ఆలోచించుకునే వెళ్ళాను. నాకంటే ముందు అతనే మాట్లాడాడు.

"మీరు పీకేసిన్రని నాకు కోపం లేదు సార్. భయం ఎవరికైన అయితది. నేను మీ జాగల ఉంటె నేను గూడ గదే చేస్తుంటినేమో." నీళ్ళు తెమ్మని భార్యకి సైగ చేసి, "ఫోన్ల మీ గొంతు ఉండె గద, ఎవరిదని శాన సార్లు అడిగిన్రు" అన్నాడు.

"ఏం చెప్పావు?"

"మా దిక్కు పెద్దమనిషి, చచ్చిపోయిండని చెప్పిన."

అతని భార్య నీళ్ళు తెచ్చిచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టి, తెచ్చిన మాట చెప్పలేక, "నీకొకటి తెచ్చాను బాబూ" అని గుమ్మం పక్కన కుండీ చూపించాను.

అతను లేచి వెళ్ళి దాని ముందు గొంతుక్కూచున్నాడు. ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ముఖం విచ్చుకుంది, ఒక్క క్షణం, ఆ నర్సరీలో చూసిన ముఖమే.

"ఏడోది" అన్నాడు.

"ఏడోదే."

 తర్వాత కళ్ళు తెరిచి, ఆకు చేతిలోనే పట్టుకుని, నెమ్మదిగా అడిగాడు.

"అన్ని మొక్కలు పీకేసిన్రు గద సార్. విత్తనం యాడిది?"

  అతనే లెక్క కట్టుకుంటున్నాడు, నాకు కనిపిస్తోంది. బేడీలతో నర్సరీకి వచ్చిన రోజు, పద్నాలుగు నెలలు, ఎనిమిది వారాలు. అతనికీ తెలుసు కదా ఎన్ని రోజులకి మొక్కవుతుందో.

"అంటే గా దినం గూడ మీ దగ్గర ఉండె."

"ఉంది" అన్నాను.

"కేసు నడిచినన్ని దినాలు ఉండె."

"ఉంది బాబూ."

పాప వచ్చి మొక్కని ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి జరిపాడు. లేచి, అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "తీస్కపోన్రి సార్. గిది ఇంట్ల ఉంచలేను" అన్నాడు. కోపంగా అనలేదు. గుమ్మం దాకా వచ్చి చెప్పులు వేసుకునేదాకా నిలబడ్డాడు కూడా. అదే మర్యాద, మొదటి శుక్రవారం నాటిది.

క్షమించమన్న మాట అడగనే లేదు. అడిగే హక్కు అంతకుముందు కొంచెం మిగిలి ఉండేదేమో, ఆ కుండీతో అది కూడా పోగొట్టుకున్నాను.

తిరుగు బస్సులో కుండీ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ గాలికి ఆకులు చొక్కాకి రాసుకుని బస్సంతా పచ్చిమామిడి వాసన. ముందు సీటు వాళ్ళు తిరిగి చూశారు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ వంగి వాసన చూసి ముచ్చటపడింది.

"ఏం మొక్క నాయినా ఇది? మామిడికాయ కోసినట్టే ఉంది. నాకు నాలుగు గింజలు ఇస్తావా?"

"నాది కాదమ్మా. ఎవరిదో, పట్టుకోమన్నారు" అన్నాను.